మే నెల పిల్లవాడి చేతిరాత

జూబ్లీహిల్స్‌లోని నవనక్షత్ర గ్లోబల్ స్కూల్ యాజమాన్యం వారు, ఒకటో తరగతి విద్యార్థి చిరంజీవి సుహాస్ చేతిరాత ఆందోళనకర స్థాయికి చేరిందని అతని తల్లిదండ్రులకు సవినయంగా తెలియజేశారు. పిల్లవాడికి అప్పటికి ఆరేళ్ళు నిండి ఎన్నో రోజులు కాలేదు. 'బి' రాయమంటే 'డి' రాస్తున్నాడనీ, అక్షరాలు గీతల మీద నిలబడక పక్క పేజీకి వలసపోతున్నాయనీ, ఈ పరిస్థితి క్లాసు ప్రతిష్ఠకు భంగకరమనీ ఆ సందేశంలో ఉంది.

తల్లి కౌసల్య దాన్ని చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర కారులో చదువుకుంది. ఆమె గుండె ఆగినంత పనైంది. ట్రాఫిక్ ఎలాగూ ఆగే ఉంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

సుహాస్ అందరిలా పుట్టినవాడు కాదు. జూన్ రెండోవారంలో పుట్టవలసినవాడు. కానీ మే ముప్పై ఒకటి దాటి పుట్టిన పిల్లల్ని బడివారు మరుసటి ఏడాదికి తోస్తారని తెలిసి, తండ్రి వేంకటరమణ ఇటు డాక్టరుగారినీ అటు సిద్ధాంతిగారినీ ఒకచోట కూర్చోబెట్టి, గడువుకు ఒకరోజు ముందే శుభలగ్నం పెట్టించాడు. సిద్ధాంతిగారు గ్రహాలను సర్దారు, డాక్టరుగారు కత్తి పట్టారు, ఏడాది కలిసొచ్చింది. కలిసొచ్చిన ఆ ఏడాదిని ఏం చేసుకోవాలన్న సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు.

వేంకటరమణ సినిమాలకు మాటలు రాస్తాడు. రాస్తాడని అనడమే గాని, పెన్ను పట్టి ఏళ్ళయింది. ఫిల్మ్‌నగర్ ఆఫీసులో అటూ ఇటూ తిరుగుతూ ఫోనుకు చెబుతాడు, ఫోను రాసుకుంటుంది. కౌసల్య ఆఖరిసారి బ్యాంకులో సంతకం పెడితే, అది ఆమెది కాదని బ్యాంకువారే తేల్చారు. అలాంటి ఇంట్లో చేతిరాత కోసం కన్నీళ్ళు కారే రోజొకటి వచ్చింది.

ప్రిన్సిపాల్ శారదాదేవిగారు వాళ్ళను పిలిపించుకుని ప్రసంగించారు. గదిలో ఉన్నది ముగ్గురే అయినా ఆమె లేచి నిలబడే మాట్లాడారు.

"చేతిరాత అంటే వేళ్ళతో రాసేది కాదండీ, వ్యక్తిత్వంతో రాసేది. ఒకటో క్లాసులో అక్షరం వంకరపోతే ముప్పయ్యో ఏట కెరీర్ వంకరపోతుంది. మా ప్రజ్ఞను చూడండి. ఆ అమ్మాయి రాస్తే అచ్చేసినట్టుంటుంది. అదే క్లాసు, అదే టీచరు, అదే పెన్సిలు. మరి లోపం ఎక్కడుందంటారు?"

అడిగి ఆమె కౌసల్యవైపే చూశారు. కౌసల్య తలవంచుకుని లోపాన్ని ఒప్పేసుకుంది. లోపం ఏమిటో తర్వాత వెతుక్కోవచ్చు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో చేతిరాత ఉద్యమం మొదలైంది. వేళ్ళ బలం కోసం ఒక నిపుణురాలు పిల్లవాడి చేత రోజూ చపాతీ పిండి పిసికించింది. వంటమనిషికి కొంత విశ్రాంతి దొరికింది. జర్మనీ నుంచి మూడు పలకల పెన్సిళ్ళు వచ్చాయి. దస్తూరి చూసి జాతకం చెప్పే ఒకాయన, ఈ పిల్లవాడి 'వై' తోకలో తండ్రి మీద తీవ్రమైన అసమ్మతి కనిపిస్తోందన్నాడు. సంఖ్యాశాస్త్రంలో పండితుడైన మరొకాయన ఇంగ్లీషులో పేరు మార్చాలన్నాడు. సుహాస్ పేరులోకి రెండు 'ఎ'లు, ఒక 'హెచ్' అదనంగా వచ్చి చేరాయి. దాంతో వాడికి పేరు రాయడానికే పీరియడ్ సగం గడిచిపోయేది.

చివరికి వేంకటరమణ తన పరిశ్రమనే నమ్ముకున్నాడు. సినిమా పోస్టర్లకు టైటిళ్ళు రాసే రామకృష్ణను బోరబండ నుంచి ఇంటికి పిలిపించాడు.

"ఫికర్ చేయకుండ్రి సార్, జర టైమియ్యుండ్రి," అన్నాడు రామకృష్ణ. "గిట్ల నేర్పిస్త జూడుండ్రి, అక్షరం కాయితంల నుంచి లేచి నిలబడాలె. మీ బాబు పేరు చూస్తే థియేటర్ల విజిల్స్ పడాలె."

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. సుహాస్ బడిలో ఆవు మీద వ్యాసం రాశాడు. ప్రతి అక్షరం విరిగిన కత్తిలా ఉంది. కొసల నుంచి నెత్తురు బొట్లు కారుతున్నాయి. 'ఆవు' అన్న శీర్షిక వెనక మంటలు లేస్తున్నాయి. చేతిరాతలో హింసాత్మక ధోరణి కనిపిస్తున్నదని బడి నుంచి రెండో సందేశం వచ్చింది. వేంకటరమణ పైకి బాధపడ్డాడు గాని, ఆ కాగితాన్ని ఫొటో తీసి తన నిర్మాతకు పంపాడు.

సుహాస్ మర్నాడు పెన్సిలు ముట్టలేదు. పిండీ పిసకలేదు. కౌసల్య బతిమాలితే కుడిచేతిని చాపి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అమ్మా, ఈ చెయ్యి మంచిది కాదా? పోనీ రెండోది వాడనా?"

ఇన్నాళ్ళూ నిపుణులు చెప్పినవన్నీ కౌసల్యకు అర్థమయ్యాయి. ఈ ఒక్క ప్రశ్నను ఏ నిపుణుడి దగ్గరికి తీసుకెళ్ళాలా అని ఆ రాత్రంతా ఫోనులో వెతికింది.

అంతలో స్కూలు వార్షికోత్సవం వచ్చింది. సినిమా డాన్స్ మాస్టర్ ఒకాయన ఒకటో తరగతి పిల్లలచేత 'పన్నెండు నెలలు' అనే నృత్యరూపకం వేయించాడు. ఎవరు ఏ నెలలో పుడితే ఆ నెల వేషం వాళ్ళది. బడి సంవత్సరం ప్రకారం జూన్‌తో మొదలుపెట్టి మేతో ముగించి, అందరినీ ఒకే వరుసలో నిలబెట్టాడు. జూన్ పిల్లలు మేఘాలు. ముందు నిలబడ్డ మేఘం ప్రజ్ఞ, దాదాపు టీచరు భుజందాకా ఉంది. వరుస చివర మామిడికాయ వేషంలో సుహాస్ ఉన్నాడు. ఉన్నాడని వాళ్ళమ్మకు తెలుసు గాని, మిగతావాళ్ళకు మామిడికాయే కనిపించింది.

కౌసల్య ఆ వరుసను చూసింది. జూన్ నుంచి మే దాకా తలలు మెట్లు దిగినట్టు దిగుతున్నాయి. ఆ వెంటనే చేతిరాత బహుమతులిచ్చారు. మొదటిది మేఘానికి, రెండోది మేఘానికి, మూడోది ఆగస్టు పువ్వుకు. ప్రోత్సాహక బహుమతి కూడా ఇంకో మేఘమే తన్నుకుపోయింది. చలికాలం నుంచి ఇటువైపు ఎవరికీ చాక్లెట్ కూడా దక్కలేదు.

ఆమె పక్కనున్న భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏవండీ, మన కాయని పండకముందే కోసేశామండీ. వాడికంటే ఆ మేఘాలన్నీ ఏడాది పెద్ద. తొందరపడి తెంపుకొచ్చి, ఇప్పుడు కార్బైడ్ వేసి మగ్గబెడుతున్నాం!"

"అబ్బ! ఏం డైలాగే! ఆగు ఆగు," అంటూ వేంకటరమణ ఫోను తీశాడు. ఆ మాటనే తర్వాత ఒక సినిమాలో కథానాయకుడు విలన్ పొలంలో నిలబడి చెప్పాడు. జనం ఈలలు వేశారు.

కౌసల్య ఊరుకోలేదు. వెళ్ళి, ఏడాది చిన్నవాణ్ణి పెద్దవాళ్ళతో పోలుస్తారేమిటని శారదాదేవిగారిని అడిగింది. "వయసుకూ ప్రతిభకూ సంబంధం అంటగట్టడం మా సంస్థ సిద్ధాంతాలకు విరుద్ధమండీ," అన్నారామె. అయితే వాణ్ణి ఒకటో తరగతిలోనే ఇంకో ఏడాది ఉంచండి అంది కౌసల్య. మామగారు వీరరాఘవయ్య భీమవరం నుంచి ఫోను చేసి, "మన వంశంలో పరీక్ష తప్పినవాడు లేడమ్మా! నలుగురికీ ఏమని చెప్పుకోను?" అని వాపోయారు. తండ్రి కలిపిన ఏడాదిని తల్లి నేలపాలు చేస్తోందని బంధువులంతా ఏకగ్రీవంగా తీర్మానించారు. మొదటిసారిగా ఆమె ఎవరి మాటా వినలేదు.

బడివారు వ్యవహారం తెలిసినవారు. ఎవరి పరువూ పోకుండా దానికి 'లీడర్‌షిప్ ఫౌండేషన్ ఇయర్' అని పేరు పెట్టారు. ఆ పేరు వినగానే వీరరాఘవయ్యగారు ఊరంతా మిఠాయిలు పంచారు.

రెండో ఏడు సుహాస్ క్లాసులో అందరికంటే పొడుగు. పిండి లేదు, జర్మనీ లేదు, రామకృష్ణా లేడు. ఒకరోజు ఉదయం కూర్చుని ఇంగ్లీషు అక్షరాలన్నీ వరుసగా రాసేశాడు. ఒక్కటీ గీత దాటలేదు. 'బి' అటు తిరగమంటే అటే తిరిగింది. ఆ ఏటి చేతిరాత మొదటి బహుమతి వాడిదే. కౌసల్య వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ కుడిచేతిని ఎన్నిసార్లు ముద్దుపెట్టుకుందో! అంతవరకూ అది నిఖార్సయిన సంతోషమే.

స్కూలువారు ఆమెను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. 'అక్షర మాతృమూర్తి' అని బిరుదిచ్చారు. రెండు మాటలు చెప్పమని మైకు అందించారు. నిజం చెప్పేద్దామనే ఆమె మైకు పట్టుకుంది. కానీ శాలువా బరువుగా ఉంది. అంతమంది కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. శారదాదేవిగారు పక్కనే చేతులు జోడించి నిలబడ్డారు.

"క్రమశిక్షణ అండీ," అంది కౌసల్య. "తల్లి ఓపిక. అంతే." చప్పట్లు చాలాసేపు మోగాయి.

కిందికి దిగాక ప్రణతి అనే అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది. వెనక ఆమె చున్నీ చాటున కొడుకు నిలబడ్డాడు. ఇంట్లో చిన్ని అంటారట. పేరుకు తగ్గట్టే ఉన్నాడు, క్లాసులో అందరికంటే చిన్నవాడు.

"మా వాడి రాత చూసి స్కూలువాళ్ళు పిలిపించారండీ. రోజూ కొట్టి కూర్చోబెడుతున్నా. మీరేం చేశారో చెప్పండి, మీ కాళ్ళు పట్టుకుంటా."

కౌసల్య ఆ పిల్లవాణ్ణి చూసింది. 'బాబు ఏ నెలలో పుట్టాడమ్మా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా నలుగురు తల్లులు ఫోన్లు పట్టుకుని చుట్టూ మూగారు. ఆమె శాలువా సర్దుకుంది.

"అంతా పెంపకంలోనే ఉంటుందమ్మా."

ప్రణతి తలవంచుకుని తన లోపాన్ని ఒప్పుకుంది. చిన్ని చెయ్యి పట్టుకుని బరబరా ఈడ్చుకుపోయింది. మిగతావాళ్ళంతా నిజమే నిజమేనని తలలూపారు. పుట్టిన నెల ఏదని ఒక్కరూ అడగలేదు. మీరున్నా అడిగేవారు కాదు లెండి. మీ పిల్లల దస్తూరి కూడా చక్కగా ఉంటుందని విన్నాం.