ఖాళీ పళ్ళేనికి పది మార్కులు

రహస్యంగా ప్రార్థన చేసేవాళ్ళంటే నాకు మొదటినుంచీ అనుమానమే!

గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటారు. లోపల మోకాళ్ళ మీద ఉన్నారో, మంచం మీద ఉన్నారో ఎవరు చూడొచ్చారు? నేను ఇరవై ఆరేళ్ళుగా ఆఫీసులో ఫైళ్ళు చూస్తున్న మనిషిని. మా దగ్గర కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క. కిటికీ తలుపు ఊడిపోయి కింద పడినా, పడినట్టు కాగితం వచ్చేదాకా అది కిటికీకే ఉన్నట్టు. అలాంటిది పరలోకం విషయంలో రుజువు లేకుండా ఎలాగండీ?

ఇవ్వడం, ప్రార్థించడం, ఉపవాసం ఉండడం. ఈ మూడూ అలవాటైతేనే విశ్వాసి ఆత్మీయంగా ఎదుగుతాడని మా పాస్టరు గారు బోధించారు. బోధించి ఊరుకున్నారు. ఎదిగామో లేదో తెలిసేదెలా? పిల్లలనైతే గోడకి నిలబెట్టి పెన్సిలుతో గీత గీస్తాం. ఆత్మని ఏ గోడకి నిలబెట్టాలి?

ఆ లోటు మా సంఘం కార్యదర్శి గారు తీర్చారు. నలభై రోజుల ఉపవాస ప్రార్థనలకి ఫోనులో ఒక గ్రూపు పెట్టి, అందులో ఒక పట్టిక తయారుచేశారు. ఎడమవైపు మా పేర్లు, ఎదురుగా మూడు గడులు. రుజువు పంపితే గడికి పది మార్కులు. రోజూ సాయంత్రం ఆరింటికల్లా ఎవరి స్థానం ఎంతో ప్రకటిస్తారు. నలభయ్యో రోజు మొదటి స్థానంలో ఉన్నవారికి బహుమతి!

దీన్ని నస అనేవాళ్ళున్నారు. నేను మాత్రం వరం అంటాను.

ఉపవాసమే తీసుకోండి. వెనకటికి ఉపవాసమున్నవాడు నీరసంగా ఓ మూల కూర్చునేవాడు. ఎవరికీ ఉపయోగం లేదు. ఇప్పుడో? పొద్దున్నే "నేను ఉపవాసంలో ఉన్నాను. దయచేసి ఎవరూ భోజనానికి బలవంతం చెయ్యవద్దు" అని గ్రూపులో పెట్టేశాను.

మా ఆవిడ అది చదివి, "మిమ్మల్ని ఎవరు పిలిచారండీ?" అంది.

ఆవిడకి ఆత్మీయ విషయాలు అంతగా పట్టవు. బడిలో లెక్కలు చెబుతుంది.

రుజువుగా ఖాళీ పళ్ళెం ఫోటో పంపాలి. మొదటి వారం నిక్షేపంగా జరిగింది. రెండో వారంలో ఎవరో పుణ్యాత్ముడు, ఒక పెద్దమనిషి పంపిన ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. పళ్ళెం అంచున మెతుకు! అప్పుడు తట్టింది మా అందరికీ. పళ్ళెం తినకముందూ ఖాళీయే, తిన్నాకా ఖాళీయే! పది రోజులపాటు మా నూట ఇరవై మంది విశ్వాసుల్లో ఒక్కరికైనా ఈ సంగతి తోచలేదంటే ఎంత నిష్కపటులమో చూడండి. మర్నాటినుంచి పళ్ళెం పొడిగా ఉండాలని, పక్కన గడియారం కనబడాలని కొత్త నిబంధన వచ్చింది.

ప్రార్థనకి ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకోవాలి. అరగంటకి పది మార్కులు. దీనివల్ల నా ప్రార్థన ఎంత విశాలమైందంటే మాటల్లో చెప్పలేను. మా ఇంటి సంగతులు తొమ్మిది నిమిషాల్లో అయిపోతాయి. ఒక కన్ను తెరిచి చూస్తే ఇంకా ఇరవై ఒక్క నిమిషాలుంటాయి. అప్పుడు బంధువుల్ని, ఆఫీసువాళ్ళని, రైతుల్ని, సైనికుల్ని, ఓడల్లో ప్రయాణం చేసేవాళ్ళని వరసగా తలుచుకుంటాను. నా జన్మలో ఓడ చూడలేదు. అయినా నావికులు ఈ నలభై రోజులూ క్షేమంగా ఉన్నారంటే అందులో స్టాప్‌వాచ్ పాత్ర లేదంటారా?

ఇక ఇవ్వడం. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని పాస్టరు గారు చెబుతూనే ఉంటారు. కానీ ఎడమచేతిలో ఫోనుందే! దానికి తెలియకుండా ఫోటో ఎలా వస్తుంది?

బస్టాండు పక్కన కూర్చునే ముసలమ్మకి మేము ఒకే రోజు ఆరు దుప్పట్లు ఇచ్చాం. మండే ఎండాకాలం. మొదటి దుప్పటికి ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. మూడోదానికి చెమట తుడుచుకుంది. ఆరోది నాది. నేను వెళ్ళేసరికి ఆవిడకి పని బాగా అలవాటైపోయి, "ఏ వైపు తిరగమంటావు నాయనా?" అని తనే అడిగింది. ఫోటో చక్కగా వచ్చింది.

ఇంత మంచి పద్ధతిలోనూ ఎదగనివాడు ఒకడుంటాడు. మా సంఘంలో పంక్చర్లు వేసే ఆయన ఉన్నాడు. పట్టికలో ఆయన పేరుకి ఎదురుగా రోజూ మూడు సున్నాలే. పళ్ళెం లేదు, స్టాప్‌వాచ్ లేదు, ఫోటో లేదు. చివరికి అందరూ ఆయన్ని 'సున్నా గారు' అనడం మొదలుపెట్టారు. ఓ ఆదివారం కుర్చీలు సర్దుతుంటే నేనే దగ్గరికి పిలిచి మంచీ చెడూ చెప్పాను.

"ఏమయ్యా, గ్రూపు చూస్తున్నావా అసలు?"

"రోజూ చూస్తానండీ. అందరికీ ఏమేం కావాలో అందులో తెలుస్తది కదా."

"మరి నువ్వేమీ పెట్టవేం?"

"నా చేతులు జిగురుజిగురుగా ఉంటాయండీ. ఫోను పాడైపోద్ది."

చూశారా సాకు! అతని ఆత్మీయ స్థితికి జాలిపడి, ఆ రోజు అరగంటలో ఒకటిన్నర నిమిషం అతనికి కేటాయించాను.

మూడో వారంలో మా అక్కకి కంటి ఆపరేషన్ అయింది. అక్క మాకు రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. బావ పోయినప్పటినుంచి కుట్టుమిషనే ఆవిడకి ఆధారం. రెండు కళ్ళకీ పొర కమ్మేసి, సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లని బతిమాలుకునే స్థితికి వచ్చింది. ఒక కంటికి ముందు చేశారు. ఇది బాగుంటేనే రెండోది. బాగుండకపోతే మిషను మీద గుడ్డ కప్పి మూల పెట్టడమే. వారం రోజులు వంగకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు అన్నారు డాక్టరు గారు.

పొద్దున, సాయంత్రం భోజనం మా ఆవిడ చూసుకుంటానంది. మధ్యాహ్నం ఆవిడ బడిలో ఉంటుంది కాబట్టి అది నా వంతు. కానీ మధ్యాహ్నం భోజన విరామంలోనే కదా నా స్టాప్‌వాచ్ అరగంట! అప్పటికి నేను రెండో స్థానంలో ఉన్నాను. కార్యదర్శి గారి తోడల్లుడికీ నాకూ ఇరవై మార్కులే తేడా.

అందుకని గ్రూపులో పెట్టాను. "మా అక్క కంటి చూపు కోసం ప్రార్థించండి. మధ్యాహ్నం భోజనం అందించేవారు లేరు."

పది నిమిషాల్లో నూట పన్నెండు దండం బొమ్మలు! ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. నూట పన్నెండు జతల చేతులు లేచాయి, అందులో ఒక్క చేతికైనా భోజనం క్యారియర్ వేలాడకపోతుందా? నిశ్చింతగా ఓడల్లోవాళ్ళ కోసం ప్రార్థన చేసుకున్నాను.

వారం గడిచాక అక్క ఇంటికి వెళ్ళాను. కంటికి కట్టు తీసేశారు, నల్లద్దాలు పెట్టుకుని ఉంది. గోడమీద క్యాలెండరులో అంకెలు చదివి వినిపించింది. నిజంగా నా కళ్ళు చెమర్చాయి. వెంటనే ఫోను తీసి వీడియో పెట్టి, "ప్రభువు చేసిన మేలు చెప్పక్కా" అన్నాను.

అక్క ఫోను వైపు తిరిగి చెప్పింది. "వారం రోజులూ మధ్యాహ్నం మా తమ్ముడు భోజనం తెచ్చిపెట్టాడు. నా తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి వెళ్ళేవాడు. ఒరేయ్, నీ చేతులకి ఆ పంక్చర్ జిగురు వాసనేంట్రా?"

అటూ ఇటూ చూశాను. కిటికీలో ఒక క్యారియర్ ఉంది. మూత సొట్టపడింది. పంక్చర్ షాపులో మేకుకి వేలాడే క్యారియర్ అది. ఇంట్లో ఆయనకి కట్టిచ్చేది ఆ ఒక్క క్యారియరే. మరి వారం రోజులు ఆయన మధ్యాహ్నం ఏం తిన్నట్టు?

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. కానీ వీడియో నడుస్తోంది కదా!

"బండి పంక్చరైందిలే అక్కా" అన్నాను.

ఆ వీడియోకి ప్రత్యేకంగా యాభై మార్కులు వేశారు. నేను మొదటి స్థానానికి వచ్చేశాను.

నలభయ్యో రోజు ఆదివారం. బహుమతిగా పెద్ద స్టీలు పళ్ళెం ఇచ్చారు. మొహం చూసుకునేంత మెరుస్తోంది. చూసుకోలేదు. సాక్ష్యం చెప్పమంటే ఎప్పుడూ మైకు వదలనివాణ్ణి, గొంతు బాగాలేదని దిగిపోయాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వెనకవరసలో సున్నా గారే. సిగ్గుతో చచ్చినంత పనైంది.

పళ్ళెం తీసుకుని నేరుగా అక్క దగ్గరికి వెళ్ళాను. మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒక్కసారికే ఎక్కింది.

"అక్కా, భోజనం తెచ్చింది నేను కాదు."

"తెలుసురా" అంది తల తిప్పకుండా.

"తెలుసా?"

"కన్ను మూసుకుంటే చెవులు కూడా మూసుకుపోతాయా? 'ప్రభువా, ఈమె చూపు ఈమెకి ఇచ్చెయ్యి' అని ఒక్క ముక్క అని లేచిపోయేవాడు. నీ ప్రార్థన ఎప్పుడన్నా అంత తొందరగా అయిపోయిందా? వచ్చినట్టు ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు."

"మరి వీడియోలో నన్నెందుకు పొగిడావు?"

అక్క నల్లద్దాలు పైకి జరిపి నా మొహంలోకి చూసింది. చూపు బాగానే వచ్చింది ఆవిడకి.

"నువ్వు కాదంటావేమోనని చూశాను."

ఇరవై ఆరేళ్ళలో ఏ అధికారీ నాకు అలాంటి మెమో ఇవ్వలేదు. అక్కడే కూర్చుని వీడియో గ్రూపులోంచి తీసేశాను. "అందులో చెప్పిన పని నేను చెయ్యలేదు, నా యాభై మార్కులూ కొట్టెయ్యండి" అని రాశాను. ఆ సందేశానికి ఒక్క దండం బొమ్మ కూడా రాలేదు.

అక్క పళ్ళెం అటూ ఇటూ తిప్పి చూసి, "బావుంది. ఖాళీ పళ్ళేలకి ఫోటోలు తీసింది చాలుగానీ, రేపు మధ్యాహ్నం ఇందులో నిండా భోజనం పెట్టించుకుని ఆయన దగ్గరికి వెళ్ళు. ఫోను మాత్రం నా దగ్గర పెట్టి వెళ్ళు" అంది.

వెళ్ళాను.

షాపులో ఏం జరిగిందంటారా? ఆయన ఏమన్నాడు, నేనేమన్నాను, ఇద్దరం ఒకే పళ్ళెంలో తిన్నామా, తినేముందు ఎవరు ప్రార్థన చేశారు, అది ఎన్ని నిమిషాలు పట్టింది అంటారా?

మీకెందుకండీ!

అంతగా రుజువు కావాలంటే పట్టిక చూసుకోండి. సోమవారంనుంచి కార్యదర్శి గారు రెండో విడత మొదలుపెట్టారు. ఆ రోజు నా పేరుకి ఎదురుగా కూడా మూడు సున్నాలే ఉన్నాయి.