ఇసుక మీద ధీమా, ఇసుక కింద వాచీ

గాలిలో పేలుడు జరిగితే ఆ దెబ్బ నేలలోకి ఎంత దిగుతుందో కొలవడం మట్టి మాష్టారి ఉద్యోగం. పొడి ఇసుక ఆ దెబ్బను మింగేస్తుందని మూడేళ్ళుగా చెబుతున్నారు. ఇసుకలో పాతిన మీటరు ముల్లు కూడా మూడేళ్ళుగా కదిలీ కదలనట్టే ఉంటోంది. ఆ ఉదయం తనిఖీ సంఘం వస్తోంది. వాళ్ళకు నచ్చకపోతే ల్యాబు మూసేస్తారు. మాష్టారు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నారు. పైగా ఇసుక సత్తా చూపించాలని మామగారి పాతకాలపు వాచీ అడిగారు.

"జాగ్రత్త అల్లుడుగారూ, అది మా నాన్నది."

"మీ చేతికన్నా నా ఇసుక కిందే భద్రం మామయ్యగారూ."

ల్యాబులో అటెండరు పెందలాడే పని మొదలెట్టాడు. పెద్దవాళ్ళ మీద దుమ్ము పడకూడదని మాష్టారు ముందురోజే హెచ్చరించారు కాబట్టి, ఇసుక తొట్టెలో నాలుగు బకెట్ల నీళ్ళు కుమ్మరించాడు. తరువాత వచ్చిన అసిస్టెంటమ్మాయి తడి చూసి, మాష్టారు తడి మట్టి పరీక్షకు మారారనుకుంది. ఆయన ఆఖరి నిమిషంలో మనసు మార్చుకోవడం ఆమెకు అలవాటే. ఇంతలో మాష్టారు వచ్చి, వాచీని మీటరు పక్కన పాతమని ఆమెకిచ్చి, అతిథులకు ఎదురెళ్ళారు. తడి ఇసుకను గట్టిగా కూరడం పద్ధతి గనక ఆమె దిమ్మిస తీసుకుని కూరింది. బురద చూడ్డానికి బాగోలేదని అటెండరు పైన ఓ గంపెడు పొడి ఇసుక చల్లాడు. ఎవరి పని వాళ్ళు శ్రద్ధగానే చేశారు, అదే కొంప ముంచింది.

మాష్టారు ఆ ఇసుకను అరచేత్తో ప్రేమగా నిమిరి, ముల్లు కదిలితే తన పేరు మార్చుకుంటానని సంఘం అధ్యక్షురాలితో చెప్పి, తొట్టె మీదికి గురిపెట్టిన పేలుడు గొట్టం మీట నొక్కారు. ముల్లు అంకెలన్నీ దాటి అవతలి అంచుకు కొట్టుకుంది. బురద ఎగిరి అధ్యక్షురాలి కళ్ళజోడు మీద పడింది. తవ్వితే వాచీ అద్దం ఒకచోట, ముళ్ళు ఒకచోట దొరికాయి.

అటెండరూ అసిస్టెంటూ తలవంచుకుని జరిగింది ఒప్పుకున్నారు. తడిపి కూరిన ఇసుక దెబ్బను మింగదు, నేరుగా కిందికి దించేస్తుంది. అధ్యక్షురాలు కళ్ళజోడు తుడుచుకుని, కొత్త పొడి ఇసుకతో మళ్ళీ చేయమన్నారు. చేశారు. ముల్లు కదిలీ కదలనట్టే ఉంది.

"మూడేళ్ళుగా మీ ముల్లు కదలట్లేదని, మీటరు ఎప్పుడో చచ్చిందనుకున్నాం. మూసేద్దామనే వచ్చాం," అన్నారావిడ. "అది బతికే ఉందని ఇవాళ తెలిసింది. మీరు చెప్పిందీ నిజమేనని తేలింది. ల్యాబు నడుపుకోండి."

సాయంత్రం మాష్టారు వాచీ ముక్కల్ని కవర్లో వేసి జేబులో పెట్టుకుని, ఇంటికి దర్జాగానే నడిచారు. వాకిట్లో మామగారు ఎదురుచూస్తున్నారు. ల్యాబు నిలబడిందని చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"చాలా సంతోషం అల్లుడుగారూ. ఇంతకీ టైమెంతయింది?"