రేపొస్తుందండీ

పెంటపాడు మండలంలో ఒక బడి. అక్కడ అయిదో తరగతి చెప్పే సత్యనారాయణమూర్తి ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తాడేపల్లిగూడెంలో కొబ్బరుండల పొట్లం కొనుక్కుని స్కూటరెక్కాడు. విద్యాశాఖ అధికారి రాజరత్నం ఎదుట నమూనా పాఠం చెప్పాలి. అది చెడితే కొల్లేటి లంకలోని బడికి బదిలీ. గూడెంలో సొంతిల్లు కట్టుకుని ఇంకా ఆర్నెల్లు కాలేదు.

చెడుతుందన్న అనుమానం ఆయనకు లేదు. ఏలూరు శిక్షణలో ఒక సిద్ధాంతం నేర్చుకొచ్చాడు: బహుమతి దొరికే పనినే పిల్లలు మళ్లీ మళ్లీ చేస్తారు. కాబట్టి పాఠం ముందే వచ్చినవాడికి కాదు, నిన్న రానిది ఇవాళ నేర్చుకున్నవాడికి ఇవ్వాలి. నెలరోజులుగా నిన్న తప్పు చెప్పి ఇవాళ సరిగ్గా చెప్పినవాళ్లకు కొబ్బరుండ ఇస్తున్నాడు. మొదటిసారే సరిగ్గా చెబితే ఉత్త శభాష్. శభాష్ తినడానికి పనికిరాదని పిల్లలు వారంలో కనిపెట్టారు. పిల్లలు కనిపెట్టారన్న సంగతి ఆయన నెలైనా కనిపెట్టలేదు.

రాజరత్నం వచ్చి కూర్చుని, ముందు బెంచీలో ఉన్న హరిప్రియను లేపాడు.

"సగం పెద్దదా, పావు పెద్దదా అమ్మా?"

హరిప్రియ పొట్లం వైపు చూసింది. "రాదండీ."

"పోనీ, ఏడు ఎనిమిదులెంత?"

"అదీ రాదండీ. రేపొస్తుందండీ."

తరగతంతా అవునన్నట్టు తలూపింది.

"కొత్తవారిని చూసి బెదిరారండీ," అని హెడ్మిస్ట్రెస్ లక్ష్మీకాంతం సర్దబోయింది. మూర్తి పొట్లం విప్పాడు.

"ఇవాళే చెబితే రెండు ఉండలిస్తానర్రా!" అన్నాడు గొంతు తగ్గించి.

నోరు మూసుకుంటే ఒకటి రెండయింది. ఇంకాసేపు మూసుకుంటే ఎంతవుతుందో చూద్దామని పిల్లలు నిశ్చయించుకున్నారు. ఆయన మూడన్నాడు, నాలుగన్నాడు. ఒక్కరూ పెదవి కదపలేదు.

"పిల్లలతో బేరాలేంటండీ మాస్టారూ?" రాజరత్నం విసుక్కున్నాడు. "నీ పేరైనా చెప్పమ్మా."

హరిప్రియ కాస్త ఆలోచించింది. "రేపు చెబుతానండీ."

"సొంత పేరు రానివాళ్లకి భిన్నాలు చెబుతున్నారా! రేపు మళ్లీ వస్తాను. అప్పుడు తేలుద్దాం."

మర్నాడు ఆయన కుర్చీలో కూర్చోకముందే తరగతి మొత్తం సగం పెద్దదనీ, యాభై ఆరనీ అరిచింది. హరిప్రియ ఇంటిపేరుతో సహా పేరు చెప్పింది. భిన్నాలు కూడింది, తీసేసింది. రాజరత్నం లేచి నిలబడ్డాడు.

"ఒక్క రోజులో ఇంత మార్పా!"

"మార్పేం కాదండీ," అన్నాడు నిన్నటి బేరంతో సంగతి అర్థమైన మూర్తి. " వాళ్లకి నిన్న కూడా తెలుసండీ. ఉండల కోసం రాదన్నారండీ."

"పేరు కూడానా? ఊరుకోండి మాస్టారూ. ఇంత వినయం పనికిరాదు. మీలాంటివారు ఇక్కడ వృథా అయిపోతున్నారు. కొల్లేటి లంక పిల్లలకి అక్షరం ముక్క అంటడం లేదు. సోమవారం అక్కడ చేరండి."

అధికారి కారు వెళ్లిపోయాక మూర్తి మెట్ల మీద కూర్చున్నాడు. లక్ష్మీకాంతం వచ్చి పక్కన నిలబడింది.

"బెంగెట్టుకోకండి మాస్టారూ. అక్కడ చేపలు భలే తాజాగా దొరుకుతాయండీ."

సత్యనారాయణమూర్తి ఇంట్లో గుడ్డు కూడా వండరు.