రాగిరేకు, గోడమేకు

వినుడు! ప్రచండ మార్తాండుడు నడినెత్తికెక్కి, వీధికుక్కలు సైతం కుళాయి కింద శరణు వేడిన ఆదివార మధ్యాహ్నమున, నీళ్లట్యాంకుకూ బట్టలతీగకూ నడుమ వెలసిన పెరటి రణరంగమున, రబ్బరు తొడుగులే కవచముగా, కోడియీకయే ఖడ్గముగా, మూతపడిన మిల్లులో ముప్పైయేళ్లు బోల్టులు బిగించిన మహాఫిట్టరు యాసిడ్ తొట్టె ముంగిట వీరాసనమున కూర్చుండెను.

యుద్ధకారణం హాల్లో మేకు. ఉన్నది ఒకటే. దానికి తన మిల్లు బొమ్మ చెక్కిన రాగిరేకు తగిలించాలని ఆయన పంతం. పాటలు పాడే గడియారం తగిలించాలని బావమరిది పంతం. "మూడింటికల్లా రేకు తేలకపోతే గడియారమే," అని ఇల్లాలి తీర్పు. అప్పీలు లేదు.

రేకుకు వార్నిషు పూసి, మూడు వారాలు సూదితో గీశాడు. గీత పడ్డచోటే యాసిడ్ కొరుకుతుంది. మిల్లు కిటికీలు నాలుగువందల పన్నెండు, ఒక్కటీ వదల్లేదు. పొగగొట్టం మీద పొగ మాత్రం గీయలేదు. మిల్లు మూసినవాళ్ల సిగ్గు ఆ గొట్టంలా బోడిగా నిలబడాలని శపథం.

అంతట తొట్టెలో బుడగలు అక్షౌహిణులై లేచి గీతలను ముట్టడించెను.

"రండిరా, బుద్బుదాధములారా! ఎనభై హార్స్‌పవర్ మోటార్లను మోసిన భుజములివి!" అని గర్జించి, ఫిట్టరు ఈకతో ఊచకోత కోసెను.

"ఇంకా ఉడకలేదా బావా?" గుమ్మంలోంచి బావమరిది. "గడియారంలో సెల్లు కూడా వేసేశా."

"ముందు నీ నోట్లో సెల్లు తియ్యి."

రేకు కడిగి, పూత తుడిచి చూస్తే, గొట్టం మీద నల్లటి సుడులు. బొటనవేలి ముద్ర!

"పూతకు ముందు దీన్ని ముట్టిందెవడు?"

"నేనే. బరువు చూద్దామని. అప్పుడే సైకిల్ గొలుసుకు నూనె వేసొచ్చా."

జిడ్డు మీద వార్నిషు పట్టలేదు. యాసిడ్ లోపలికి దూరింది. శపథం గంగలో కలిసింది.

ఇల్లాలు వచ్చింది. కిటికీల వంక చూడనైనా లేదు.

"అబ్బ, పొగ ఎంత బాగా వేశారండీ! మిల్లు నడుస్తున్నట్టే ఉంది."

"అక్కా, అది నా వేలు!"

శపథమా, మేకా? ఫిట్టరు అరనిమిషం మథనపడెను.

"వేలు నీదే కావచ్చురా. గొట్టం నాది."

మూడుకు రెండు నిమిషాలుండగా రేకు మేకెక్కెను. గడియారం ఫ్రిజ్జు మీదికి వనవాసమేగి, అచటనే పాడెను. ఎవరూ వినలేదు. కిటికీలనూ ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇట్లు, మిల్లంతయు పోగొట్టుకొన్న మహాఫిట్టరు రెండంగుళాల మేకును జయించి, దానిని ఏకచ్ఛత్రముగా ఏలెను. జయము! జయము!