ఫ్లాస్కులోని ఊట

మధ్యాహ్నం మూడింటికి ఖమ్మంలో సాయిప్రియకు డ్రైవింగు పరీక్ష. అప్పటికే రెండుసార్లు తప్పింది. మర్నాటితో లెర్నర్స్ లైసెన్సు గడువు కూడా ముగుస్తుంది. అందుకే మామగారు వెంకటనారాయణ వేసిన పథకం వినగానే ఆమెకు కాలూ చేయీ ఆడలేదు. పొద్దున్నే సత్తుపల్లిలో బయల్దేరి, భద్రాచలం అడవిదారిలో ఉడుకునీళ్ల ఊటలో మోకాళ్లు నానబెట్టుకుని, అటునుంచి అటే ఖమ్మం వెళ్లాలట. కారు ఆయనది. స్టీరింగూ ఆయనదే. కోడలు ఆ సీట్లో కూర్చుంటే ఆయనకు బీపీ పెరుగుతుంది.

ఆ దారిలోని వాగు ఇసుకలో ఎక్కడ తవ్వినా ఉడుకునీళ్లేనని ఎవరో చెప్పారు. తొమ్మిదింటికి మొదలుపెట్టి ఆయన నాలుగు చెలమలు తవ్వాడు. నాలుగింటిలోనూ చల్లటి నీళ్లే ఊరాయి.

"మామయ్యగారూ, పదకొండయింది. పన్నెండుకి కదలకపోతే పరీక్ష అందదండీ."

"కాళ్లు కాలందే కదిలేది లేదమ్మాయ్!"

సాయిప్రియ గట్టెక్కి టీకొట్టు చిన్నక్కను ఫ్లాస్కు నిండా వేడినీళ్లు అడిగింది. "గంతేనా బిడ్డా?" అంటూ ఆమె కొట్టు వెనక్కి వెళ్లి నింపుకొచ్చింది. మామగారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటుంటే, సాయిప్రియ అయిదో చెలమలో ఫ్లాస్కు వంచేసింది.

"వచ్చింది! అమ్మాయ్, ఊట వచ్చింది!"

"దొరికింది కదండీ, ఇక పదండి."

ఆయన కదిలితేగా! ఆయన బోనకల్‌లో ఉన్న అక్క సీతారావమ్మకు ఫోన్ కొట్టాడు. "కారు మాట్లాడుకుని వచ్చెయ్యక్కా, నువ్వొచ్చేదాకా నేనిక్కడే!" ఆ కేకకు భద్రాచలం వెళ్లే యాత్రికుల బస్సొకటి ఆగింది. జనం పంచెలు ఎగగట్టి దిగారు.

"ఏందయ్యా, సల్లగనే ఉన్నయి!" అన్నాడొకాయన.

"ఊట ఆగి ఆగి వస్తుంది," అన్నాడు వెంకటనారాయణ, పలుగు కోసం చూస్తూ.

ఆరో చెలమ మొదలైతే ఇక అంతే. సాయిప్రియ ఫ్లాస్కును చున్నీ చాటున పెట్టుకుని గట్టుకు పరుగెత్తింది. తెచ్చి పోసింది. చల్లారింది. మళ్లీ పరుగెత్తింది. అయిదోసారికి ఆయాసంతో గట్టుమీదే కూలబడితే, చిన్నక్క ఫ్లాస్కు లాక్కుని వాగులోకి దిగింది.

"ఎన్నిపార్లు మోస్తవ్ బిడ్డా? తే, నేనే పోస్త!" అంటూ అందరి ఎదుటా చెలమలో కుమ్మరించింది.

వెంకటనారాయణ చెలమ వంకా కోడలి వంకా మార్చి మార్చి చూశాడు.

"అమ్మాయ్, ఇదా నా ఊట?"

లైసెన్సు మాట దేవుడెరుగు, ఇక ఇంట్లో తలెత్తుకోలేననుకుంది సాయిప్రియ.

"ఊట నీళ్లే గద సారూ!" అంది చిన్నక్క. "మా కొట్టెనక బోర్లకెల్లి రాత్రిపగలు ఉడుకుడుకే వస్తయి. నేను గిన్నెలు తోమేది గా నీళ్లతోనే. నువ్వు ఒక్కమాటన్న అడిగితివా? పొద్దటిసంది తవ్వుడే తవ్వుడు!"

జనమంతా కొట్టు వెనక్కి పరుగు తీశారు. పన్నెండయ్యేసరికి వెంకటనారాయణ చిన్నక్క బకెట్లో కాళ్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇప్పుడు మాత్రం కాళ్లు తియ్యను."

"తియ్యొద్దు," అని సాయిప్రియ చేయి చాచింది. "తాళాలివ్వండి."

బకెట్టుతో సహా ఆయన్ని ఎడమ సీట్లో కూర్చోబెట్టి కారు తీసింది. "మెల్లగా! ఒలుకుతాయ్!" అని ఆయన దారిపొడుగునా అరుస్తుంటే ఆమె చేతికి ఎన్నడూ లేని నిదానం వచ్చింది. సీతారావమ్మ కారులో ఎదురై చేతులూపింది. "ఆపకు, తొణికిపోతాయ్!" అన్నాడు తమ్ముడు.

మూడింటికి మొదలైన పరీక్షలో, మామగారూ బకెట్టూ అలాగే ఉండగా, బండి ఒక్క కుదుపు లేకుండా తిరిగింది. బయట నుంచి చూసిన ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, ఉడుకునీళ్ల సంగతి విని ఎడమ సీటు వైపు తొంగిచూశాడు.

"మా అమ్మకీ మోకాళ్ల నొప్పులేనండీ. నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయా?"

కొత్తగూడెం దగ్గరే చల్లారిపోయిన నీళ్లలోంచి కాళ్లు తీయకుండా, "కాలిపోతున్నాయి సార్," అన్నాడు వెంకటనారాయణ.