మన జిల్లా చాప

జిల్లాలోని సంక్షేమ హాస్టళ్లన్నీ ఇకపై జిల్లాలో తయారైన వస్తువులే కొనాలని మంత్రిగారు చారిత్రక నిర్ణయం ప్రకటించారు. బడ్జెట్ మాత్రం పాతదే. ఉంగుటూరు దగ్గర ఆడపిల్లల హాస్టలు వార్డెన్ విజయకుమారి ఈ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా హర్షించింది. హర్షించినట్టు సంతకం చేసి పంపమని సర్క్యులర్‌లోనే ఉంది.

మొదటి నెల సబ్బుల దగ్గరే చిక్కొచ్చింది. జిల్లాలో సబ్బులు చేసేవాళ్లెవరో ఆమెకు తెలియలేదు. పథకం ప్రత్యేకాధికారి నరసరాజుగారిని అడిగితే, జంగారెడ్డిగూడెం వెళ్లి కుంకుడుకాయలు తెచ్చుకోమని సెలవిచ్చారు. కాయల ఖరీదు కన్నా బస్సు చార్జీ ఎక్కువైంది. బడ్జెట్‌లో చార్జీలు లేవు కాబట్టి అవి ఆమె జీతంలోంచి పోయాయి. పిల్లలు నురగ చేతులతో నిలబడితే నరసరాజుగారు ఫొటో తీసి పైకి పంపారు.

అంతలో వానలొచ్చాయి. పాత చాపలు చివికిపోయి, నలభై మంది పిల్లలు చెమ్మ గచ్చు మీద పడుకుంటున్నారు. ఇద్దరికి జ్వరం తగిలింది. కాలవ వంతెన దాటితే పెద్దింటమ్మ ఇల్లు. కొల్లేటి తుంగతో ఆవిడ అల్లే చాపలు మెత్తగా, గట్టిగా ఉంటాయి, ధర బడ్జెట్‌కు సరిపోతుంది. నలభై చాపలకు ఫైలు పెడితే వెళ్లినంత వేగంగా వెనక్కి వచ్చింది. జిల్లాలు విడగొట్టినప్పుడు వంతెన అవతలి ఊరు పక్క జిల్లాలోకి పోయిందట.

విజయకుమారి ఏలూరు వెళ్లి నరసరాజుగారి ముందు నిలబడింది.

"తుంగ కైకలూరు వైపు నుంచే వస్తుందండి. అది మన జిల్లాయే కదండీ?"

"తుంగ మనదేనండీ, కాదన్నానా? అల్లే చెయ్యి మనది కాదు," అన్నారాయన బాధగా.

ఆమోదం పొందిన దుకాణానికి చీటీ రాసిచ్చారు. అక్కడున్నవి ప్లాస్టిక్ చాపలు. ఉత్తరాదిలో ఎక్కడో తయారై వస్తే ఏలూరులో చుట్టి దారం కడతారు. ఆ చుట్టడం స్థానికమని సర్టిఫికెట్ గోడకు వేలాడుతోంది. పెద్దింటమ్మ చాపలు మూడొచ్చే డబ్బుకి అక్కడ ఒకటొస్తుంది. విజయకుమారి తిరిగి ఆఫీసుకే వచ్చింది.

"పోనీ, ఆవిడే వంతెన దాటొచ్చి మా హాస్టల్లో అల్లితేనోనండి?"

నరసరాజుగారు సర్క్యులర్ తీసి మళ్లీ చదివారు. అప్పుడు చెయ్యి మన జిల్లాలో ఉన్నట్టే లెక్క అని తేల్చారు. ఇంత క్లిష్టమైన సమస్యను ఒక్క పూటలో పరిష్కరించిన అధికారి మరొకరు ఉండరు.

అరవై ఏళ్ల పెద్దింటమ్మ మగ్గం నెత్తిన పెట్టుకుని కాలవ దాటింది. వరండాలో కూర్చుని నలభై రోజులు అల్లింది. పిల్లలు బడి నుంచి రాగానే తుంగ తడిపి అందించేవారు.

"ఇంటికాడైతే వంటన్నా చేసుకుందునండి అమ్మగారూ. ఇక్కడల్లితే ఏం మారుద్దండీ?" అందావిడ ఒకరోజు.

"జిల్లా మారుతుంది పిన్నీ," అంది విజయకుమారి.

చాపలు పూర్తయ్యాయి. పథకం సాధించిన మొదటి విజయం కావడంతో మంత్రిగారే బయల్దేరి వచ్చారు. హాస్టలు ఆవరణలో సభ జరిగింది. పెద్దింటమ్మను మన జిల్లా ముద్దుబిడ్డ అన్నారు, శాలువా కప్పారు. చాపను చేత్తో తడిమి కళ్లు తుడుచుకున్నారు. ఇంతటి కళ హాస్టలు గదుల్లో మగ్గిపోకూడదని, చాపలన్నీ రాజధానిలో ప్రదర్శనకు పంపుతున్నామని ప్రకటించారు. చప్పట్లు ఆగేలోపు నలభై చాపలూ వ్యాన్ ఎక్కాయి.

విజయకుమారి వ్యాన్‌కు అడ్డంగా వెళ్లి నిలుచుంది. ఉద్యోగం పోయినా సరే అనుకుంది.

"పిల్లలు వేటి మీద పడుకుంటారు సార్?"

నరసరాజుగారు చుట్టూ చూశారు. వేదిక వెనక మంత్రిగారు నవ్వుతున్న పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. అది ఏలూరులోనే ప్రింటయిందని, నూటికి నూరుపాళ్లూ స్థానికమని ఆయన గుర్తుచేశారు. మనుషుల్ని పెట్టి దాన్ని విప్పించి హాల్లో పరిపించారు. స్థానిక పడక అందినట్టు రసీదు రాసి విజయకుమారి ముందు పెట్టారు.

మళ్లీ జ్వరం తగిలిన పిల్ల ఒకతె ముందుగా వచ్చి దాని మీద కూర్చోబోయింది.

"ఆగమ్మా, మంత్రిగారి మొహానికి కాళ్లు తగలకూడదు," అన్నారు నరసరాజుగారు.

మొహం వదిలేస్తే, మిగిలిన చోట పదకొండు మంది పట్టారు.