మట్టిచేతుల ఫోటో

శుక్రవారం ఉదయం పది గంటలకు ఏడో తరగతి పిల్లల చేతులకు మట్టి పూశారు. స్వయంగా సాగు చేస్తూ నేర్చుకునే సుస్థిర వ్యవసాయ పాఠానికి అది ప్రాక్టికల్ పరీక్ష. మట్టిని ముందురోజే జల్లించి, ఎండబెట్టి, పళ్లెంలో సిద్ధం చేశారు. మట్టిచేతులతో ఫోటోలో ఉన్నవారికి నూటికి నూరు. లేనివారికి సున్నా.

ఆరుబయట జరిగే పాఠం కాబట్టి దీన్ని డ్రిల్ మాస్టారికి అప్పగించారు. బడి వెనక పిల్లకో మడి ఇచ్చారు. యూనిఫాం మాస్తోందని తల్లిదండ్రులు ఫిర్యాదు చేయడంతో బడివేళల్లో మడిలోకి దిగడం నిషేధించారు. అప్పటినుంచి పిల్లలు వరండాలో వరుసగా నిలబడి, ఈల వేసినప్పుడల్లా గాలిలో తవ్వారు. క్రమశిక్షణ పెరిగింది. ఇంకేమీ పెరగలేదు.

ఒక్క మడిలో తప్ప. దర్జీ కూతురు బడి వదిలాక పాత గౌను తొడుక్కొచ్చి బెండ గింజలు పెట్టింది, నీళ్లు పోసింది. మొక్కలు ఆమె భుజం దాకా ఎదిగి మొగ్గ తొడిగాయి. మొదటి కాయ తమ్ముడికిస్తానని మాటిచ్చింది.

పచ్చగా ఉన్నది అదొక్కటే కాబట్టి, పరీక్ష రోజు ఫోటో కోసం పిలిచిన ముఖ్య అతిథి కుర్చీ ఆ మడి వెనకే వేశారు.

"సార్, ఆకులు అయ్యగారి ముఖానికి అడ్డమొస్తున్నాయి," అన్నాడు ఫోటోగ్రాఫర్.

"పీకెయ్," అన్నారు డ్రిల్ మాస్టారు.

"వద్దు సార్! రేపో ఎల్లుండో పూస్తాయి," అంది పిల్ల.

"ఫోటో ఇవాళ కదమ్మా!"

పీకేశారు. ఆమె పరుగెత్తుకెళ్లి ఒక మొక్క వేళ్లను మళ్లీ మట్టిలో కప్పబోయింది. మోచేతుల దాకా బురద అంటింది.

"ఛీ, ఏంటా అవతారం! పోయి కడుక్కుని రా. శుభ్రమైన మట్టి పూస్తా."

కుళాయి బడికి అటు చివర ఉంది. ఈలోగా అతిథి తివాచీ మీద నిలబడి ప్రసంగించారు.

"పిల్లలూ! మట్టిని ప్రేమించండి. మొక్కే మీ మొదటి గురువు!"

మట్టి రాలుతుందని, చప్పట్లు వద్దని మాస్టారు సైగ చేశారు. ఫోటో తీశారు. బడికి ఉత్తమ వ్యవసాయ పాఠశాల బహుమతి వచ్చింది. తర్వాత మార్కులొచ్చాయి.

"అందరికీ నూరొస్తే నీకు సున్నా ఏంటే?" అన్నాడు దర్జీ.

"ఫోటో తీసేటప్పుడు చేతులు కడుక్కుంటున్నా నాన్నా."

"పరీక్ష టైములోనా? బుద్ధుందా నీకు?"

సోమవారం ఆమెను వ్యవసాయం ట్యూషన్‌లో చేర్పించాడు. రెండో అంతస్తు, ఏసీ గది. మట్టి పడుతుందని చెప్పులు బయటే విడవాలి. మొదటి రోజు పాఠం: బెండ మొగ్గ తొడిగినప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు.